మెయిన్ ఆపారా?

ఆ ఇంట్లో గడప దాటే మనిషి ఎవరైనా సరే, ఒక ప్రశ్నకు జవాబు చెప్పి దాటాలి. "మెయిన్ ఆపారా?"

అది లైన్‌మాన్ ఇల్లు. ముప్ఫై ఏళ్లు కరెంటు స్తంభాలెక్కి దిగిన మనిషి ఆయన. ఒకసారి ఎవరో ఇస్త్రీపెట్టె ఆపడం మరిచి ఊరెళితే ఇల్లు అంటుకుంది. అందరికంటే ముందు వెళ్లి తీగ తెంచింది ఈయనే. లోపల ఏం చూశాడో భార్యకు కూడా చెప్పలేదు కానీ, ఆ రోజు నుంచి ఇంట్లో మనిషి లేకపోతే మెయిన్ ఆగి తీరాల్సిందే. ఫ్రిజ్‌లో మంచు కరిగి వంటగది చెరువైనా సరే. "పాలు విరిగితే ఇంకో ప్యాకెట్టు వస్తుంది. ఇల్లు కాలితే ఇంకో ఇల్లొస్తుందా?" అనేవాడు. ఆ అనడం కూడా మామూలుగా కాదు. స్తంభం మీద నుంచి కేకేస్తే మూడు వీధులకు వినపడే గొంతు ఆయనది.

ఆ గొంతులోనే గడ్డ లేచింది.

"స్వరపేటిక తీసేయాలి. ప్రాణానికి భయం లేదు. మాట మాత్రం ఉండదు" అన్నాడు డాక్టరు. బజారులో కూరలు లేవన్నంత తేలిగ్గా అన్నాడు. లైన్‌మాన్ తల వంచుకుని చెప్పుల వంక చూశాడు. ఆయన భార్య మాత్రం డాక్టరు బల్ల మీది కత్తెర వంక చూస్తూ కూర్చుంది. ఆమె దర్జీ. బడి పిల్లలకు యూనిఫారాలు కుడుతుంది. వీధిలో అందరికీ టైలరమ్మ. ఏ బట్టనైనా కత్తిరిస్తే మళ్లీ కుట్టుకోవచ్చు అనుకునే మనిషికి, కత్తిరిస్తే మళ్లీ కుట్టలేనిది ఒకటి ఉంటుందని ఆ రోజే తెలిసింది.

ఆసుపత్రిలోనే ఇంకొక ఆవిడ ఉంది. మాట పోయినవాళ్లకు మాట నేర్పే ఆవిడ. ఆమె మూడు వందల వాక్యాలున్న కాగితాలు చేతిలో పెట్టింది.

"ఆపరేషన్‌కి ముందే మీ గొంతుతో ఇవన్నీ చదివి కంప్యూటర్లో రికార్డు చేసుకోండి. తర్వాత మీరు టైపు చేస్తే చాలు, కంప్యూటరు మీ గొంతుతోనే పలికేట్టు చేయొచ్చు. కానీ ముందు గొంతు దాచుకోవాలి. ఆపరేషన్ అయ్యాక నా దగ్గరికొచ్చి ఏడిస్తే నేనేం చెయ్యలేను" అంది.

ఇంట్లో కంప్యూటరు ఉంది. టైలరమ్మదే. పదకొండేళ్ల నాటిది. నాలుగు వందల మంది పిల్లల ఛాతీ, భుజం, నడుము కొలతలు అందులోనే ఉన్నాయి. ఆ సాయంత్రమే మైకు పెట్టి, "నాకు మంచినీళ్లు కావాలి" అని చదివించింది. తిరిగి వినిపిస్తే, "నాకు మం... ళ్లు కా... లి" అంది ఆ పెట్టె.

"డాక్టరు కంటే ముందే నా గొంతు కోసేస్తోందే ఇది" అన్నాడు లైన్‌మాన్.

టైలరమ్మకు నవ్వు రాలేదు.

మర్నాడు కంప్యూటర్లు బాగుచేసే ఆమెను పిలిచింది. కొప్పులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి ఆమెను అందరూ స్క్రూడ్రైవరమ్మ అంటారు. ఆమె కంప్యూటరు మూత తీసి, దుమ్ము ఊది, పెదవి విరిచింది.

"పెట్టె బాగానే ఉందక్కా. లోపల నడిపించే ఆపరేటింగ్ సిస్టమే ముసలిదైపోయింది. చేసిన కంపెనీ వాళ్లే దాన్ని వదిలేశారు. వేరేది పెడదాం. ఊరికే వస్తుంది. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి అందరికీ పంచిపెడుతున్నారు."

గుమ్మంలో కూర్చుని బట్టలు మడతపెడుతున్న ఆడపడుచు తలెత్తింది. లైన్‌మాన్‌కు అక్క. తపాలా కచేరీలో ముప్ఫైయేళ్లు ఉత్తరాల మీద ముద్ర కొట్టి రిటైరైన మనిషి. ఇప్పటికీ మాట మాటకూ ముద్ర కొట్టినట్టే మాట్లాడుతుంది.

"ఊరికే ఇచ్చేదాంట్లో ఎక్కడో మెలిక ఉంటుంది" అంది.

"మెలికేం లేదు పెద్దమ్మా. ఇదిగో, ఈ పెన్ డ్రైవులోనే మొత్తం ఉంది. ఇది గుచ్చి కంప్యూటరు ఆన్ చేస్తే తిన్నగా కొత్తది వచ్చేస్తుంది. పాతదాన్ని ముట్టుకోదు. అక్కా, నువ్వు ఊరికే నడిపి చూడు, చెయ్యి అలవాటవుతుంది. నేను పరీక్షల పని మీద వేరే ఊరెళుతున్నా. వచ్చే వారం వచ్చి నీ కొలతలన్నీ జాగ్రత్తగా పక్కన పెట్టి, దీన్ని శాశ్వతంగా ఎక్కిస్తా. అప్పుడు రికార్డింగు మొదలెడుదురు గాని. ఆపరేషన్‌కి రెండు వారాలుంది కదా."

ఉందనే అనుకున్నారు. మూడో రోజు మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఎవరిదో ఆపరేషన్ వాయిదా పడింది, ఖాళీ దొరికింది, ఎల్లుండి పొద్దున్నే ఏమీ తినకుండా రమ్మన్నారు.

రెండు వారాలు కాస్తా ఒక్క పగలైంది.

మర్నాడు తెల్లారగానే టైలరమ్మ కుట్టుగది తలుపు వేసింది. బట్టల తానులు గోడల పొడవునా నిలబెట్టింది. అప్పుడు గదిలో మాట మోగకుండా మెత్తగా ఉంటుందని ఆవిడకు తెలుసు. పెన్ డ్రైవు గుచ్చి కంప్యూటరు ఆన్ చేసింది. నల్లని తెర మీద చక్కని అక్షరాలతో రెండు దారులు కనిపించాయి. ఒకటి, ఎక్కించకుండా వాడి చూడండి. రెండోది, ఎక్కించండి.

రికార్డింగు ఉత్తుత్తి పని కాదు కదా, నిజంగా ఎక్కించుకోవాలేమో అనుకుని రెండోది నొక్కింది. తర్వాతి పేజీలో ఎర్రగా ఒక హెచ్చరిక వచ్చింది. "ఈ డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది. ముందుకు వెళ్లమంటారా?"

ఆవిడ చెయ్యి వేడి పెనం తగిలినట్టు వెనక్కి వచ్చింది. నాలుగు వందల మంది పిల్లలు ఆ డిస్కులో వరసగా నిలబడి తన వంకే చూస్తున్నట్టనిపించింది. గబగబా వెనక్కి వచ్చేసి, మొదటి దారి పట్టింది. వాడి చూడండి. అందులో ప్రమాదం లేదు కదా. భయపడ్డవాడు ఎప్పుడూ చెడిపోడని వాళ్లమ్మ అనేది.

కొత్తది అద్దంలా నడిచింది. మైకు పెడితే గొంతు ఎక్కడా తెగలేదు. లైన్‌మాన్ రోజంతా చదివాడు. గాలి చల్లగా వీస్తోంది. రేపు మళ్లీ రండి. ఆ తలుపు కొంచెం తీసి ఉంచు. మధ్యమధ్య వేడినీళ్లు తాగుతూ, దగ్గుతూ, బొంగురుపోతూ చదివాడు. మూడు వందలూ అయ్యాక, "ఇవన్నీ ఎవడివో మాటలు. నావి చెబుతానుండు" అని సొంతంగా పన్నెండు చెప్పాడు. అక్కా, టీవీ తగ్గించు. ఇదిగో, నా కళ్లజోడెక్కడ పెట్టావ్. ఇంకా, ఎలాగూ ఉండి తీరాల్సింది, మెయిన్ ఆపారా.

ప్రతి వాక్యానికీ ఆవిడ సేవ్ నొక్కింది. ప్రతిసారీ సేవ్ అయిందని అది చెప్పింది. పొద్దున్న ఇంకో రెండు మాటలు గుర్తొస్తే చెబుతానన్నాడని ఆ రాత్రి కంప్యూటరు ఆపలేదు. పొద్దున్న లేచాక ఆయనకు ఏ మాటా గుర్తు రాలేదు. టాక్సీ వచ్చేసింది.

ఫ్లాస్కులో వేడినీళ్లు నింపి, దుప్పట్లు సర్దుకుని, పదిన్నర బస్సుకు తర్వాత వస్తానంది ఆడపడుచు. టాక్సీ ఎక్కబోతూ లైన్‌మాన్ వెనక్కి తిరిగాడు. గుమ్మంలో నిలబడ్డ అక్క వంక చూసి, మిగిలిన గొంతంతా కూడగట్టుకుని అన్నాడు:

"అక్కా, మెయిన్ ఆపడం మర్చిపోకు."

*

ఏడింటికే ఆయన్ను లోపలికి తీసుకెళ్లారు. తలుపు మూసుకునే ముందు చెయ్యి ఊపాడు. మాట ఏమీ అనలేదు. లోపలి నర్సు మాట్లాడొద్దని చెప్పి ఉంటుంది.

టైలరమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. పక్క బెంచీలో ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన భార్య కూడా లోపలే ఉంది.

"మొదటిసారా?" అన్నాడు పది కావస్తుండగా.

"అవునండీ."

"మాకు మూడోసారి. ఇంకొక్కసారి వస్తే ఈ బెంచీకి నా పేరు పెడతారు."

ఆవిడ నవ్వబోతుంటే ఫోను మోగింది. స్క్రూడ్రైవరమ్మ.

"అక్కా, నా పని ముందే అయిపోయింది. రేపొచ్చి ఆ సిస్టం ఎక్కించెయ్యనా?"

"తర్వాత రావే. ఇక్కడ ఆపరేషన్ జరుగుతోంది. ముందుకు జరిపారు."

"అయ్యో! మరి గొంతు రికార్డు..."

"అంతా అయిపోయింది. నిన్న రోజంతా కూర్చున్నాం. మూడు వందల పన్నెండు. నీ పెన్ డ్రైవు భలే నడిచిందే తల్లీ."

"ఎక్కించావా అక్కా? డిస్కు చెరుపుతానంది కదా, సరే అన్నావా?"

"అమ్మో, లేదు. భయమేసింది. వాడి చూడండి అని ఉంటే అదే నొక్కా."

అవతల చేతిలో ఉన్నదేదో కింద పడ్డ చప్పుడైంది.

"ఏంటే? మాట్లాడు."

"అక్కా, కంప్యూటరు ఇప్పుడు ఆన్‌లోనే ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"చెబుతా, కంగారు పడకు. వాడి చూడండి అంటే, అది పలక మీద రాసినట్టు. సేవ్ చేసినా పలక మీదే ఉంటుంది. కంప్యూటరు ఆగిందా, పలక తుడిచేసినట్టే. ఒక్క ముక్క మిగలదు. నాదే తప్పక్కా, చెప్పి వెళ్లాల్సింది. నువ్వు రికార్డింగు మొదలెడతావని... సరే, ఇప్పుడు ఆన్‌లో ఉంది కదా, ఏం పర్లేదు. దాన్ని ఎవరూ ముట్టుకోకుండా చూడు. కరెంటు పోకుండా ఉంటే చాలు."

కరెంటు పోకుండా ఉంటే.

టైలరమ్మ గోడ గడియారం చూసింది. పది దాటి ఏడు నిమిషాలు. ఆడపడుచు పదిన్నర బస్సు కోసం పదింబావుకే గుమ్మం దాటే మనిషి. ముప్ఫైయేళ్ల ఉద్యోగంలో ఒక్కరోజు ఆలస్యంగా వెళ్లలేదు. దాటే ముందు ఏం చేస్తుందో అడగక్కర్లేదు. తమ్ముడు చెప్పి వెళ్లాడు. ఉన్న గొంతుతో ఆఖరుసారి చెప్పిన మాట అది. ఆ మాటే ఆయన గొంతును తుడిచేయబోతోంది.

ఆడపడుచుకు ఫోను కొట్టింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ కొట్టింది. మోగింది, ఆగిపోయింది. ఆవిడ ఫోను బొత్తాల ఫోను. సంచీ అడుగున తువ్వాలు కింద పెట్టుకుంటుంది, దొంగలెత్తుకుపోతారని. పక్కింటి వాళ్లకు కొట్టింది. వాళ్లు పొలిమేర అవతల పనిలో ఉన్నారు. మూడోసారి ఆడపడుచుకు కొడుతూ లేచి నిలబడింది.

లోపలి తలుపు తెరుచుకుని నర్సు తొంగి చూసింది.

"ఎక్కడికీ వెళ్లకండి. సంతకం కావాల్సొస్తే పిలుస్తాం. మనిషి ఇక్కడే ఉండాలి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. లోపల మనిషి కోత కింద ఉన్నాడు. ఇంట్లో ఆయన గొంతు ఒక స్విచ్చు కింద ఉంది. మనిషి దగ్గర ఉండనా, గొంతు దగ్గరికి పోనా? మనిషిని కాపాడేందుకు డాక్టర్లున్నారు, ఆ గొంతుకు తను తప్ప దిక్కు లేదు అనుకుంది. కానీ ఈలోపు ఏదైనా జరిగి నర్సు బయటికొచ్చి పిలిస్తే, బెంచీ ఖాళీగా ఉంటే?

"వెళ్లమ్మా" అన్నాడు పక్క బెంచీ ముసలాయన. ఫోనులో మాటలు సగం విన్నట్టున్నాడు. "నీ నంబరివ్వు. పిలిస్తే నేను చేస్తా. సంతకం అడిగితే కాళ్లావేళ్లా పడి ఆపుతా. నాకేం, ఎలాగూ ఇక్కడే ఉంటా."

టాక్సీలో ఆవిడ పది సార్లు ఫోను కొట్టింది. డ్రైవరు నెమ్మదస్తుడు. దారిలో ప్రతి ఎర్రదీపం దగ్గరా నిండా ఆగాడు.

"కొంచెం తొందరగా పోనివ్వు బాబూ."

"ఇంట్లో ఎవరికైనా బాలేదా అమ్మా?"

"మా ఆయన..." అని ఆగిపోయింది. డ్రైవరు ఇంకేం అడగకుండా తొక్కాడు.

కళ్ల ముందు ఒక్క బొమ్మే కనబడుతోంది. గుమ్మం పక్కన గోడకున్న ఇనుప పెట్టె. ఆడపడుచు ఎడమ చంకలో సంచీ. కుడిచెయ్యి పైకి లేస్తుంది. వేలు కిందికి దిగుతుంది. టక్. ఉత్తరం మీద ముద్ర పడ్డట్టు. ఆ టక్ ఆవిడ చెవిలో పడుతూనే ఉంది. ఒకటికి పది సార్లు పడింది.

వీధి మలుపు తిరిగేసరికి పదిన్నర దాటింది. బస్సు వెళ్లిపోయి ఉంటుంది. ఆడపడుచు అందులో ఉండి ఉంటుంది.

తలుపుకు తాళం లేదు. దగ్గరగా వేసి ఉంది. తోసుకుని లోపలికెళ్లింది. ముందుగదిలో ఫ్యాను ఆగిపోయి ఉంది. ఇంట్లో మనుషులుంటే ఎప్పుడూ తిరిగే ఫ్యాను అది. మూడు రెక్కలూ చచ్చిన పక్షిలా నిలబడి ఉన్నాయి. టైలరమ్మ గోడ పట్టుకుంది. అయిపోయింది, అనుకుంది.

అప్పుడు లోపలి నుంచి ఆయన అన్నాడు:

"నాకు మంచినీళ్లు కావాలి."

పక్కన నిలబడి అన్నంత స్పష్టంగా ఉంది. ఆసుపత్రిలో ఏదో అయిపోయిందేమో, అందుకే మనిషి ఇంటికొచ్చేశాడేమో అని ఒక్క క్షణం నిజంగానే అనిపించింది.

"ఆ తలుపు కొంచెం తీసి ఉంచు" అంది గొంతు.

కుట్టుగదిలోకి పరిగెత్తింది. బట్టల తానుల మధ్య, కంప్యూటరు ఎదురుగా, ఆడపడుచు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంచీ ఎక్కడో గుమ్మం దగ్గర పడేసింది.

"వదినా! మెయిన్..."

"ఆపలేదే" అంది ఆడపడుచు. తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా అంది. "ఫ్యాన్లాపాను, లైట్లాపాను, పొయ్యి చూశాను. పోయేముందు ఈ బల్ల మీద దుమ్ముందని గుడ్డతో ఒక్క తుడుపు తుడిచాను. ఏ మీట తగిలిందో ఏమో, వీడు మాట్లాడ్డం మొదలెట్టాడు. ఒకటి అయితే ఇంకోటి. అయిపోతే మళ్లీ మొదటికి. సరేలే అని గుమ్మం దాకా వెళ్లి పెట్టె మీద చెయ్యేశాను. అప్పుడే అడిగాడే."

"ఏమడిగాడు?"

"ఇంకేం అడుగుతాడు, వాడి మొహం. మెయిన్ ఆపారా అని." ఆవిడ చెంగుతో కళ్లు తుడుచుకుంది. "అక్కడేమో వాణ్ని కోస్తున్నారు. ఇక్కడేమో వాడు మాట్లాడుతున్నాడు. ఆపితే వీడి నోరు నొక్కినట్టే కదటే. నా చేత్తో ఎలా నొక్కనే? చిన్నప్పుడు ఎంత అరిచినా వాడి నోరు నేనెప్పుడూ నొక్కలేదు. బస్సు పోతే పోనీ అనుకున్నా. వాడు తిడితే తిట్టనీ."

టైలరమ్మ ఆడపడుచు పక్కన కూలబడి, ఆవిడ భుజం మీద తల పెట్టేసింది. కానీ ఏడవడానికి వ్యవధి లేదు. కుట్టుగదిలో ట్యూబులైటు వేస్తే అది ఒకసారి వెలిగి, తగ్గి, మళ్లీ వెలిగింది. పగలు పదకొండు కాబోతోంది. ఎండ ముదిరేకొద్దీ ఈ వీధికి కరెంటు నీరసిస్తుందని, మూల మీది ట్రాన్స్‌ఫార్మరు తనకంటే ముందే రిటైరు కావాల్సిందని లైన్‌మాన్ రోజూ అనేవాడు.

తన ఫోను ఆసుపత్రి కోసం ఖాళీగా ఉంచి, ఆడపడుచు ఫోను సంచీలోంచి తీయించి స్క్రూడ్రైవరమ్మకు కొట్టింది. అందులో ఎత్తని పిలుపులు పదమూడున్నాయి, అన్నీ తనవే.

"ఉందా? ఉందా అక్కా? హమ్మయ్య. ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి. ఆ పెన్ డ్రైవు పీకొద్దు. పీకితే మొత్తం కూలిపోతుంది. నీ ఫోనుకు చార్జింగు వైరుందా? దాంతో ఫోన్ని కంప్యూటరుకు తగిలించు. ఫోను మీద అనుమతిస్తావా అని అడుగుతుంది. ఇవ్వు."

అడిగింది. నొక్కబోయి ఆవిడ ఆగిపోయింది.

"చెరిపేస్తుందా ఏమైనా?"

"చెరపదక్కా. ఈసారి భయపడకు, నొక్కు."

నొక్కింది. తెర మీద ఆ ఫోల్డరును పట్టుకుని ఫోను బొమ్మ మీదికి లాగమంది స్క్రూడ్రైవరమ్మ. టైలరమ్మ చెయ్యి సూదిలో దారం ఎక్కించే చెయ్యి, ఎప్పుడూ తడబడదు. ఆ రోజు రెండుసార్లు దారిలోనే జారవిడిచింది. మూడోసారికి పడింది. సన్నని పచ్చగీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకడం మొదలెట్టింది. మూడు వందల పన్నెండులో తొమ్మిది. పద్నాలుగు.

"నత్తకు నడక నేర్పినట్టుందే ఇది" అంది ఆడపడుచు.

ట్యూబులైటు మళ్లీ తగ్గింది. ఇద్దరూ ఒకేసారి పైకి చూశారు. "దాన్ని ఆపెయ్యండి వదినా" అని టైలరమ్మ అంటుండగానే ఆడపడుచు లేచి ఆపేసింది. వంటగదిలోకి వెళ్లి ఫ్రిజ్ కూడా ఆపేసింది. ఆ ఇంట్లో ఉన్న కరెంటంతా ఆ ఒక్క పెట్టెకే పోవాలన్నట్టు, గోడ మీది చిన్న దోమల మందు దీపం కూడా పీకి పారేసింది. చీకటి గదిలో తెర ఒక్కటే వెలుగుతోంది. ఆయన గొంతు ఆగకుండా చదువుతూనే ఉంది. దాన్ని ఆపడానికి ఏ మీట నొక్కాలో తెలిసినా, ఎవరూ నొక్కలేదు.

నూట ఎనభై దగ్గర, తగిలించిన ఫోను మోగింది. ఆసుపత్రి నంబరు.

ఫోను బల్ల మీద గిరగిరా వణుకుతోంది. వణికినప్పుడల్లా వైరు కదులుతోంది. ఎత్తితే అటు గొంతు పోతుందేమో. ఎత్తకపోతే ఇటు మనిషి...

"ఎత్తక్కా" అంది రెండో ఫోనులోంచి స్క్రూడ్రైవరమ్మ. "వైరు మాత్రం కదపకు."

ఆవిడ ఫోన్ని ముట్టుకోలేదు. వేలి కొనతో పచ్చబొమ్మను తోసి, బల్ల మీదికి వంగి, చెవిని ఫోను మీద ఆనించింది. నేల మీద చెవి పెట్టి వినేవాళ్లలా. పచ్చగీత చూడ్డానికి వీల్లేదు. ఆడపడుచు గట్టిగా చదువుతోంది, "రెండు వందల రెండు. నాలుగు. ఆరు."

"మీరెక్కడున్నారు? ఇక్కడ ఒక ముసలాయన నా చెయ్యి వదలట్లేదు" అంది నర్సు. "ఆపరేషన్ అయిపోయింది. తొందరగానే అయింది. మనిషి బాగున్నారు. వార్డుకు మార్చడానికి సంతకం పెట్టాలి. వస్తున్నారా?"

"వస్తున్నా" అంది టైలరమ్మ. గాలి తప్ప ఏమీ బయటికి రాలేదు. తనకే మాట పోయిందా అనిపించింది. మళ్లీ అంది, "వస్తున్నా తల్లీ."

మూడు వందల పన్నెండు.

వైరు తీసి, ఫోనులో మొదటిది నొక్కింది. పలికింది. నడుమ ఒకటి నొక్కింది. పలికింది. ఆఖరుది నొక్కింది. "ఇదిగో, నా కళ్లజోడెక్కడ పెట్టావ్" అంది ఫోను.

"ఇక ఆపెయ్యొచ్చక్కా. ఏం పర్లేదు" అంది స్క్రూడ్రైవరమ్మ.

గుమ్మం దగ్గర ఆడపడుచు మెయిన్ పెట్టె వంక చూసింది. టైలరమ్మ కూడా చూసింది.

"నువ్వాపు" అంది ఆడపడుచు.

"మీరే పెద్దవాళ్లు వదినా."

"పెద్దదాన్ని కాబట్టే నిన్ను ఆపమంటున్నా."

ఇద్దరూ ఆపలేదు. తాళం వేసి వెళ్లిపోయారు. లోపల ఎవరూ లేని ఇంట్లో ఆయన గొంతు, రేపు మళ్లీ రండి, అని అంటూనే ఉంది.

*

నాలుగింటికి లైన్‌మాన్‌కు తెలివొచ్చింది. మెడ చుట్టూ కట్టు, ముక్కులో గొట్టం. కళ్లు ముందు భార్య మీద, తర్వాత అక్క మీద ఆగాయి. పెదవులు కదిలాయి. ఏమీ రాలేదు. రాదని ముందే తెలుసు. అయినా ఆ కళ్లలో పడ్డ భయం చూసి టైలరమ్మ తల తిప్పుకుంది. నర్సు చిన్న పలక, సుద్దముక్క చేతికిచ్చింది. వంకరటింకరగా రాశాడు.

మెయిన్ ఆపారా?

ఆడపడుచు గొంతు సవరించుకుంది. అబద్ధం ఆడదామనే నోరు తెరిచింది. తమ్ముడి కళ్లలోకి చూసి ఆడలేకపోయింది.

"ఆపలేదురా."

మనిషి ఆ స్థితిలో కూడా లేచి కూర్చోబోయాడు. నర్సు భుజాలు పట్టుకుని ఆపింది. పలక తుడిచి మళ్లీ రాశాడు. ఒక్క మాట. వెళ్లు. కింద రెండు గీతలు. పలకను భార్య వైపు తిప్పాడు.

అప్పుడు మొదలైంది టైలరమ్మకు రెండో భయం. వాళ్లు ఇల్లు వదిలి వచ్చి అయిదు గంటలైంది. ఖాళీ ఇంట్లో పదకొండేళ్ల నాటి పెట్టె వేడెక్కుతూ నడుస్తోంది. చుట్టూ బట్టల తానులు. అన్నీ తనే నిలబెట్టింది. కాలిన ఇంటి గురించి ఆయన చెప్పనిదంతా దారి పొడవునా ఆవిడే ఊహించుకుంది. వీధి మలుపులో పొగ కోసం వెతికింది. ఎవరో చెత్త కాలుస్తుంటే తమ ఇల్లే అనుకుంది.

ఇల్లు ఇల్లులాగే ఉంది. తలుపు తీస్తే గొంతు వినిపించింది. పొద్దున్నుంచీ చదివి చదివి, అయినా అలిసిపోని గొంతు.

కుర్చీలో కూర్చుని ఫోను ఒళ్లో పెట్టుకుంది. అందులో మూడు వందల పన్నెండూ ఉన్నాయా అని మళ్లీ చూసుకుంది. ఉన్నాయి. మౌసు బాణాన్ని తెర మూలకు జరిపి, ఆపెయ్ అనేది నొక్కింది.

"అక్కా, టీవీ తగ్గిం" అని ఆగిపోయింది గొంతు.

తెర నల్లబడింది. పెన్ డ్రైవు తీసి మీట నొక్కండి అని తెల్లని అక్షరాలు వచ్చాయి. తీసింది. నొక్కింది. చాలాసేపటికి పాత సిస్టం మూలుగుతూ లేచింది. అదే పాత బొమ్మ, అదే పాత ఫోల్డరు. నాలుగు వందల మంది పిల్లల కొలతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ గదిలో ఒక మనిషి రోజంతా కూర్చుని చదివిన ఆనవాలు మాత్రం ఎక్కడా లేదు. వెతికింది. ఎక్కడా లేదు.

కంప్యూటరు ఆపింది. లైట్లాపింది. గుమ్మం దగ్గరికొచ్చి, పెట్టె మూత తీసి, స్విచ్చు మీద వేలు పెట్టింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో ఆ పని చెయ్యడం ముప్ఫై ఏళ్లలో ఇదే మొదటిసారి. ఎప్పుడూ ఎవరో ఒకరు అడిగితే చేసిన పని అది.

ఆవిడ చీకట్లో ఫోను తీసి, వెతికి, మూడు వందల ఆరో దాన్ని నొక్కింది.

"మెయిన్ ఆపారా?"

"ఆపుతున్నానండీ" అని వేలు కిందికి నొక్కింది.